వైరస్‌ను తట్టుకునే టమాటా రకానికి కూడా ఆకుముడత ఎందుకు వస్తోంది?

వైరస్‌ను తట్టుకుంటుందని ప్యాకెట్ మీద రాసిన హైబ్రిడ్ టమాటా నిరుడు బాగానే నిలిచిందనీ, ఈ వేసవిలో అదే రకం సగానికి పైగా ముడుచుకుపోయిందనీ రాశారు. విత్తనం నకిలీదా, లేక పక్క మినుము చేనులోని పల్లాకు తెగులు అంటుకుందా అని అడిగారు. గజపతినగరం దగ్గర మా పొలంలో ఏటా టమాటా వేస్తాం కనుక ఈ ఇబ్బంది నాకు బాగా తెలుసు. విత్తనాన్ని అనుమానించే ముందు, వచ్చినది ఏ వైరస్ అన్నది తేల్చుకోవాలి.

మనం ఆకుముడత అని ఒకే పేరుతో పిలిచే తెగులును బెగోమోవైరస్‌లు అనే వైరస్‌ల వర్గంలోని అనేక జాతులు కలిగిస్తాయి. టమాటా లీఫ్ కర్ల్ న్యూఢిల్లీ వైరస్, బెంగళూరు వైరస్, కర్ణాటక వైరస్, గుజరాత్ వైరస్ వాటిలో కొన్ని. అన్నిటినీ మోసుకొచ్చేది తెల్లదోమే. బెంగళూరు వైరస్‌కు దాదాపు 2,700 అక్షరాల డీఎన్‌ఏ వలయం ఒక్కటే ఉంటుంది, న్యూఢిల్లీ వైరస్‌కు అలాంటివి రెండు ఉంటాయి. ఒకే మొక్కలో రెండు జాతులు చేరినప్పుడు, నకళ్లు తయారయ్యే క్రమంలో ఒకదాని ముక్క ఇంకొకదానిలో కలిసిపోయి కొత్త రూపం పుట్టవచ్చు. ప్రధాన డీఎన్‌ఏ వరుసలో తెలిసిన జాతులతో పోలిక 91 శాతం కంటే తగ్గితే శాస్త్రవేత్తలు దాన్ని వేరే జాతిగానే లెక్కిస్తారు.

తట్టుకునే రకాలకు ఆ శక్తి అడవి టమాటాల నుంచి తెచ్చిన టీవై-2, టీవై-3 వంటి జన్యువుల వల్ల వస్తుంది. టీవై-2 ఒక్కటే ఉన్న రకం బెంగళూరు వైరస్‌ను నిలువరించినా, న్యూఢిల్లీ వైరస్ ముందు చాలాసార్లు నిలవలేదు. అందువల్ల విత్తనం అసలుదే అయినా, చేనులోకి వచ్చిన వైరస్ మారితే పంట దెబ్బతినవచ్చు.

న్యూఢిల్లీ వైరస్ టమాటాకే పరిమితం కాదు. బీర, దోస, గుమ్మడి వంటి తీగ పంటల మీద కూడా బతుకుతుంది. 2012లో స్పెయిన్‌లో అది బయటపడింది గుమ్మడి జాతి పంటలోనే. మా పొలంలో గట్టు పక్కన బీర పందిరి ఉన్న ఏడాది, లేత బీర ఆకులు పసుపు మచ్చలతో ముడతలు పడ్డాయి, ఆకు తిప్పితే అడుగున తెల్లదోమ గుంపులుగా ఉంది, టమాటాలో ముందుగా ముడుచుకున్నవి పందిరి వైపు వరుసలే. మీ చేను చుట్టూ ఉన్న తీగ పంటలను ముందుగా చూడమని అందుకే చెబుతున్నాను.

మినుము పల్లాకు వైరస్‌ను కూడా తెల్లదోమే మోస్తుంది కానీ, అది సాధారణంగా పప్పుజాతి పంటలు దాటి రాదు. మినుములోనూ వేరుశనగలోనూ మొవ్వు ఎండగొట్టే వైరస్ సంగతి వేరు. తామర పురుగుల ద్వారా అది టమాటాకు వస్తుంది. అప్పుడు ఆకు ముడుచుకోవడం కంటే గోధుమరంగు మచ్చలు పడటం, చిగురు నల్లబడి ఎండటం, కాయల మీద వలయాలు రావడం కనిపిస్తాయి. మూడు ఆర్‌ఎన్‌ఏ ముక్కలతో ఉండే ఆ వైరస్ మీద టీవై జన్యువులు ఏమాత్రం పనిచేయవు.

ముడుచుకున్న మొక్క మందు కొడితే కోలుకోదు. నారుమడికి 40 మెష్ నైలాన్ వల కప్పండి, నాటే ముందే చేను చుట్టూ రెండు మూడు వరుసల మొక్కజొన్న పెంచండి, నాటిన తొలి వారాల్లో తెగులు సోకిన మొక్కలను కనబడగానే పీకి కాల్చేయండి. ఈసారి విత్తనం కొనేటప్పుడు అందులో ఏ టీవై జన్యువులు ఉన్నాయని డీలర్‌ను గట్టిగా అడగండి. టీవై-2, టీవై-3 రెండూ కలిసి ఉన్న రకం దొరికితే దాన్నే తీసుకోండి.