మెటాలికా మళ్లీ గాడిన పడిందెలా?

ప్రశ్న: మేం నలుగురం శని, ఆదివారాల్లో ఇందిరానగర్‌లో జామ్ రూమ్ అద్దెకు తీసుకుని వాయిస్తుంటాం. అమెరికన్ మెటల్ బ్యాండ్ మెటాలికా ‘సెయింట్ ఆంగర్’ ఆల్బమ్ మోత కోసం గిటార్లు డ్రాప్ సీ శ్రుతికి దించి, స్నేర్ డ్రమ్ కింది తీగలు వదిలేశాం. గిటార్‌కి 9-42 సెట్ (సన్న తీగ, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉంది. తీగలు ఫ్రెట్లకు కొట్టుకుంటున్నాయి, స్నేర్ రేకుడబ్బాలా మోగుతోంది. తర్వాతి ఆల్బమ్ ‘డెత్ మాగ్నెటిక్’తో వాళ్లు మళ్లీ గాడిన పడ్డారంటారు. ఏం మార్చారు?
– ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మీ స్నేర్‌లో లోపమేమీ లేదు. 2003 నాటి ఆ ఆల్బమ్‌లో ఉన్నదీ రేకుడబ్బా మోతే. వాళ్ల డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ కూడా తీగలు వదిలేసే వాయించాడు. డ్రమ్ పక్కనున్న లివర్ దించగానే తీగలు కింది హెడ్‌ని వదిలేస్తాయి. ‘ఛర్’మనే పదును పోయి డొల్ల మోత మిగులుతుంది. బోసి గోడల చిన్న గదిలో అది ఇంకా చెవులు గింగిర్లెత్తిస్తుంది. లివర్ ఎత్తి, పక్క మర కొద్దికొద్దిగా బిగించండి. కర్రతో మెల్లగా తాకినా ‘ఛర్’ తెలిసిందంటే అక్కడే ఆపాలి. ఇంకా బిగిస్తే గొంతు నొక్కేసినట్టు ఉంటుంది. గింగురు మిగిలితే అంచుకు అంగుళం లోపల టేపు ముక్క మడిచి అంటించండి.

ఇక గిటార్. డ్రాప్ సీ అంటే లావు తీగ నుంచి వరసగా సి, జి, సి, ఎఫ్, ఎ, డి. ఆరో తీగ నాలుగు ఫ్రెట్లంత దిగింది, మిగతావి రెండేసి. 9-42కి అక్కడ బిగువెక్కడిది? గట్టిగా మీటితే శ్రుతి కూడా పైకి ఎగురుతుంది. 11-54 సెట్ వేయండి. లావు తీగ నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో పట్టకపోతే గాడిని సానబట్టించాలి. లేకుంటే ట్యూన్ చేసేటప్పుడు ‘టిక్’మని జారుతుంది. నెక్ వంపును సరిచేసే ట్రస్ రాడ్‌ని ఒక్కసారికి పావు చుట్టు మించి తిప్పొద్దు. చివర్న 12వ ఫ్రెట్ నోటూ ఓపెన్ తీగా కలిసేలా బ్రిడ్జ్ దగ్గర సరిచేయాలి. ఆంప్‌లో గరుకు మోత పెంచే గెయిన్ కాస్త తగ్గిస్తే అరచేతి అదుపులో కొట్టే రిఫ్ (పదే పదే వచ్చే గిటార్ వరస) ముద్దగా కాదు.

2008లో రిక్ రూబిన్ నిర్మించిన ‘డెత్ మాగ్నెటిక్’లో ఎక్కువ పాటలు ‘ఇ స్టాండర్డ్’ (E standard) అనే మామూలు గిటార్ శ్రుతికి తిరిగొచ్చాయి. ‘సెయింట్ ఆంగర్’లో ఒక్కటీ లేని గిటార్ సోలోలు, స్నేర్ తీగలు కూడా వచ్చేశాయి. అయితే మా దృష్టిలో అసలు మార్పు పాట కట్టడంలో ఉంది: ఒక రిఫ్ ఇంకో రిఫ్‌కి దారి తీస్తూ, వేగం మారుతూ, సోలోకి చోటిస్తూ సాగే పొడుగాటి పాటలు. 2011 అక్టోబరు 30న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో బెంగళూరు విన్నది ఇలా కోలుకున్న బ్యాండ్‌నే. లోపం ఒకటుంది, దాన్ని దాచలేం. సీడీలో ధ్వనిని మరీ నొక్కేసి పెంచడంతో డ్రమ్ దెబ్బ దగ్గర చిటపటలు వస్తాయి. అది రికార్డింగులోనే ఉంది కాబట్టి వాల్యూమ్ తగ్గించినా పోదు. ‘గిటార్ హీరో’ గేమ్‌లో వచ్చిన రూపం దీనికంటే తేటగా ఉంటుంది.

ఆ పాటలు వాయించాలనుకుంటే 11-54 తీగల్నే ‘ఇ స్టాండర్డ్’కి లాగకండి, నెక్ ముందుకు వంగుతుంది. 10-46 వేసి ట్రస్ రాడ్ మళ్లీ చూసుకోండి.