నూనె శాతం చూసి మురిసిపోకు

తార్నాక, హైదరాబాద్

చిన్నా,

ఇంధనం తీయడానికి అరవై శాతం నూనె ఉన్న ఆల్గే (కంటికి కనపడని నీటి నాచు) దొరికిందని ఫోన్లో ఎగిరి గంతేశావు. సంతోషమే. కానీ అది లీటరుకి రోజుకి ఎంత పెరుగుతోందో ఒక్క ముక్క చెప్పలేదు. 60 శాతం నూనెతో రోజుకి 0.05 గ్రాములు పెరిగితే వచ్చేది 30 మిల్లీగ్రాములు. 25 శాతమే ఉన్నా 0.2 గ్రాములు పెరిగేది 50 ఇస్తుంది. ఏది పెంచుతావు?

బోట్రియోకాకస్ అనే నూనె నాచుని చూస్తే నాకూ మోజే. మైక్రోస్కోపు కింద కవర్‌స్లిప్ (పైన కప్పే పల్చటి గాజు పలక) మీద మెల్లగా నొక్కితే కణాల గుత్తిలోంచి నూనె బొట్లు ఉబికి వస్తాయి, చూసి తీరాలి. కానీ అది రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. క్లోరెల్లా అనే మామూలు ఆకుపచ్చ నాచుకి బాగా సాగితే ఒక్క రోజు కూడా అక్కర్లేదు.

ఇంకో తిరకాసుంది. నైట్రేటు (దాని నత్రజని ఎరువు) ఆపేస్తే కణం నూనె పోగేస్తుంది, పెరగడం మానేస్తుంది. పస్తుపెట్టి కొలిచిన నూనె శాతాన్ని, తిండి పెట్టినప్పటి పెరుగుదలతో గుణించకు. ఆ పని నేను చేశాను. సెమినార్‌లో వెనక బెంచీ కుర్రాడు లేచి అడిగేసరికి నోట మాట రాలేదు.

నైల్ రెడ్ అనే, నూనెకి పట్టి మెరిసే రంగు వేసి చూసినప్పుడు నూనె బొట్లు బంగారు రంగులో, క్లోరోఫిల్ ఎర్రగా మెరుస్తాయి. గోడ మందంగా ఉన్న ఆకుపచ్చ కణాల్లోకి ఆ రంగు సరిగా దిగదు. రంగు లోపలికి దిగేలా చేసే డీఎమ్‌ఎస్‌ఓ అనే ద్రావకం కాస్త కలిపి మళ్లీ చూడు, అప్పటికీ మెరవకపోతేనే నూనె లేదని పక్కన పెట్టు. క్లోరోఫామ్‌తో నూనె తీసి తూచిన బరువునీ పూర్తిగా నమ్మకు, అందులో క్లోరోఫిల్ కూడా ఉంటుంది.

శాంపిల్ కోసం హుస్సేన్‌సాగర్ దగ్గర ఆగిపోకు. అక్కడ తెట్టు కట్టేది చాలావరకు మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ నాచు. నూనె తక్కువ, విషం ఎక్కువ, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు. మే నెలలో బండరాళ్ల గుంటల్లో, మూత లేని సిమెంటు తొట్టెల్లో మిగిలిన నీళ్లు పట్టు. ఆ ఎండకి బతికినదాన్ని వేడి తట్టుకుంటుందా అని నువ్వు మళ్లీ పరీక్షించక్కర్లేదు. అమెరికావాళ్లు 1978 నుంచి 1996 దాకా ఇలాంటి నూనె కోసమే మూడు వేల స్ట్రెయిన్లు (నాచు రకాలు) పోగేశారు. తీరా బయటి చెరువుల్లో వేస్తే, వేసినవాటిని పక్కకు నెట్టి అక్కడి లోకల్ నాచే ఆక్రమించేది.

నీ అరవై శాతం దాన్ని రెండు వారాలు మేడ మీద టబ్బులో, మూత లేకుండా పెట్టు. తర్వాత ఒక గ్లాసులో పోసి కదపకుండా ఉంచు. అడుక్కి దిగుతుందా, నీళ్లంతా కలిసి అలాగే తేలుతుందా చూడు. దిగకపోతే నీళ్లలోంచి తీసే ఖర్చుకే నూనె విలువ సరిపోతుంది.

ఆదివారం రా. కణాలు లెక్కపెట్టే గళ్ల గాజు పలక, నా పాత హీమోసైటోమీటర్ ఇస్తాను. దాని కవర్‌స్లిప్ మాత్రం పగిలింది, కొనుక్కుని రా.

బాబాయి