రోజూ ఆఫీసుకి తిప్పే ఎల్ఎస్3 కోర్వెట్‌కి ఎంత కామ్ వేయించుకోవాలి?

మీరు అడిగింది ఇదీ కదా బ్రదర్, 2010 కోర్వెట్, ఎల్ఎస్3 ఇంజన్, మాన్యువల్, ఫ్రిస్కో నుంచి ఇర్వింగ్ ఆఫీసుకి వారంలో మూడు నాలుగు రోజులు ఆ బండిలోనే వెళ్తారు, ఐడిల్‌లో ఆ గుడుగుడు సౌండ్ కావాలి, పవర్ కూడా కావాలి, షాపు వాళ్ళేమో ఇన్‌టేక్ 235, ఎగ్జాస్ట్ 251 కామ్ (ఇంజన్ వాల్వులు ఎప్పుడు, ఎంతసేపు తెరుచుకోవాలో నిర్ణయించే షాఫ్ట్) వేసుకోమంటున్నారు, వేయించనా అని. నన్నడిగితే వద్దు. నాదీ ఎల్ఎస్3 ఉన్న సి6 తరం కోర్వెట్టే, మాన్యువలే, కామ్ మార్పించాకే ఇన్నేళ్ళుగా ఇదే డాలస్ ట్రాఫిక్‌లో నడుపుతున్నా, పెద్ద కామ్ వేయించుకున్న ఫ్రెండ్ బండి కూడా చాలాసార్లు నడిపా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ముందు కామ్ కార్డు, అంటే కామ్ కొలతలు రాసిన కాగితం, చదవడం నేర్చుకోండి, అది వచ్చేస్తే సగం కన్‌ఫ్యూజన్ పోతుంది. ఆ 235, 251 అనేవి డ్యూరేషన్, అంటే లిఫ్టర్ (కామ్ మీద కూర్చుని వాల్వ్ వైపు నెట్టే ముక్క) 0.050 అంగుళం లేచినప్పటి నుంచి మళ్ళీ అక్కడికి దిగేదాకా క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) ఎన్ని డిగ్రీలు తిరిగింది అనే లెక్క. కంపెనీ కామ్‌లో అది ఇన్‌టేక్ 204, ఎగ్జాస్ట్ 211, లోబ్ సెపరేషన్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులని నెట్టే కామ్ గుబ్బల మధ్య కోణం) 117. అందరూ డ్యూరేషన్, లిఫ్ట్ (వాల్వ్ ఎంత తెరుచుకుంటుందో) చూసి ఆగిపోతారు గానీ రోడ్డు మీద బండి ఎలా నడుస్తుందో చెప్పేది ఓవర్‌ల్యాప్, అంటే ఎగ్జాస్ట్ వాల్వ్ పూర్తిగా మూసుకోకముందే ఇన్‌టేక్ తెరుచుకుని రెండూ కలిసి తెరిచుండే సమయం. లెక్క ఈజీనే, రెండు డ్యూరేషన్లూ కూడి 4తో భాగించి అందులోంచి లోబ్ సెపరేషన్ తీసేసి వచ్చినదాన్ని రెండింతలు చేయండి. స్టాక్ కామ్‌కి 415ని 4తో భాగిస్తే 103.75, అందులోంచి 117 తీస్తే మైనస్ 13.25, రెండింతలు మైనస్ 26.5, మైనస్ అంటే ఆ 0.050 లెక్కలో రెండూ కలిసి తెరిచుండవన్నమాట. మీ షాపు చెప్పిన కామ్ 113 లోబ్ సెపరేషన్ మీద ఉందనుకుంటే ప్లస్ 17 వస్తుంది. అంటే ఒక్క దెబ్బకి నలభై డిగ్రీల పైన మార్పు! నేను వేయించింది 219, 233, 115 మీద, దానికి మైనస్ 4.

ఆ తేడా కాళ్ళకి తెలుస్తుంది. తక్కువ ఆర్పీఎంలో రెండు వాల్వులూ కలిసి తెరిచుంటే కాలిన గ్యాస్ వెనక్కి ఇన్‌టేక్‌లోకి వస్తుంది, కొంత తాజా గాలి వాడకుండానే ఎగ్జాస్ట్‌లోకి పోతుంది, అక్కడున్న ఆక్సిజన్ సెన్సర్ ఆ గాలిని చూసి పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, కంప్యూటర్ ఇంకా పెట్రోల్ పోస్తుంది, అందుకే పెద్ద కామ్ బండి వెనక నిలబడితే కళ్ళు మండేంత వాసన. మీకు ఇష్టమైన ఆ గుడుగుడు కూడా సిలిండర్లు సరిగ్గా మండక వచ్చేదే. మా ఫ్రెండ్ బండి 231, 247, 113 మీద, లెక్కేస్తే ప్లస్ 13. సాయంత్రం 635 హైవే మీద ట్రాఫిక్ పాకుతున్నప్పుడు రెండో గేర్లో 1300 దగ్గర యాక్సిలరేటర్ మీద కాలు కదపకుండా పెట్టినా బండి ముందుకీ వెనక్కీ ఊగుతుంది, క్లచ్ తొక్కుతూ వదులుతూ ఇంటికొచ్చేసరికి ఎడమ కాలు పట్టేస్తుంది, ఏసీ వేస్తే చచ్చిపోకుండా ఐడిల్ 900 దాకా పెంచాల్సొచ్చింది. అదే బండి 5000 దాటాక మాత్రం అబ్బో, నాది దాని పక్కకి కూడా రాదు, ఎన్నిస్ డ్రాగ్ స్ట్రిప్‌కి వెళ్తే ఎప్పుడూ ఆయనదే ముందు. ఆయన వీకెండ్‌కే తీస్తాడు కాబట్టి ఆయనకి అది కరెక్టే. మీరు టోల్‌వే మీద 70లో ఆరో గేర్లో వెళ్తుంటే ఇంజన్ ఎక్కడుంటుందో ఒకసారి చూడండి, 1500, 1700 మధ్యలో. రోజూ గంటసేపు ఉండే ఆ చోట మెత్తగా లేని కామ్ మీకెందుకు?

సో మీలాంటి వాడకానికి నా సజెషన్ ఇన్‌టేక్ 216 నుంచి 222 మధ్య, ఎగ్జాస్ట్ దానికన్నా 12, 14 డిగ్రీలు ఎక్కువ, లోబ్ సెపరేషన్ 114 నుంచి 116, ఓవర్‌ల్యాప్ సున్నాకి దిగువనే ఉండేలా. ఎగ్జాస్ట్ ఎందుకు అంత ఎక్కువంటే ఎల్ఎస్3 హెడ్‌లో ఇన్‌టేక్ పోర్ట్ చాలా పెద్దది, వాల్వే 2.165 అంగుళాలు, ఎగ్జాస్ట్ వైపు 1.59 మాత్రమే, లోపలికి వచ్చినంత సులువుగా బయటికి పోదు, దానికి ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఈ సైజులో కూడా సౌండ్ వస్తుంది, సిగ్నల్ దగ్గర పక్క బండివాడు తిరిగి చూసేంత వస్తుంది, కాకపోతే అద్దాలు ఊగవు. లాంగ్ ట్యూబ్ హెడర్స్ (ఇంజన్ నుంచి ఎగ్జాస్ట్ బయటికి తీసే పొడవాటి పైపులు) కూడా వేస్తేనే కామ్ పెట్టిన డబ్బుకి పూర్తి ఫలితం, అదైతే తర్వాత చేయించుకున్నా పర్లేదు, ట్యూన్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు) మళ్ళీ చేయించాలంతే.

కామ్ ఒక్కటే కొని మిగతావాటి దగ్గర చేయి ముడుచుకోవద్దు. వాల్వ్ స్ప్రింగులు తప్పనిసరి, కంపెనీవి స్టాక్ లిఫ్ట్ 0.551 కోసం చేసినవి, కొత్త కామ్ 0.600 దగ్గరికి వెళ్తే అవి తట్టుకోవు, స్ప్రింగ్ విరిగి వాల్వ్ పిస్టన్ మీద పడితే ఇంజనే పోతుంది, డ్యూయల్ స్ప్రింగులు వేయించండి. పుష్‌రాడ్ (లిఫ్టర్‌కీ రాకర్‌కీ మధ్య ఉండే కడ్డీ) పొడవు కొలిచి కొనాలి, స్టాక్ 7.4 అంగుళాలు కదా అని అదే ఆర్డర్ పెట్టే షాపుని నమ్మకండి, కామ్ బేస్ సర్కిల్ (గుబ్బ లేని గుండ్రటి భాగం) మారితే పొడవూ మారొచ్చు. పిస్టన్‌కీ వాల్వ్‌కీ మధ్య గ్యాప్ కూడా చెక్ చేయమనండి. రాకర్లలో (వాల్వుని నొక్కే చేతుల్లో) ట్రనియన్, అంటే రాకర్ ఊగే ఇరుసు, దగ్గర ఉండే సన్నటి నీడిల్ బేరింగులు కూడా మార్పించండి, అవి ఊడి ఆయిల్‌లో పడితే ఎక్కడికెళ్తాయో దేవుడికే తెలియాలి. బ్యాలెన్సర్ (క్రాంక్ ముందుండే పుల్లీ) బోల్టు ఒకసారి బిగించాక మళ్ళీ వాడకూడదు, కొత్తదే కావాలి. ఆయిల్ పంప్ ఎలాగూ అందుబాటులోకి వస్తుంది కాబట్టి దాన్నీ మారుస్తారు, అప్పుడు పికప్ ట్యూబ్ (పంప్ ఆయిల్ పీల్చే గొట్టం) దగ్గర ఉండే చిన్న ఓ-రింగ్ సరైన సైజుదేనా, నలగకుండా కూర్చుందా అని దగ్గరుండి అడగండి, ఆ రింగ్ నలిగితే పంప్ గాలి పీల్చి ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. ఎల్ఎస్‌లో హెడ్స్ విప్పకుండానే కామ్ బయటికి వస్తుంది, కామ్‌ని తిప్పితే లిఫ్టర్లు పైకెళ్ళి ప్లాస్టిక్ ట్రేల్లో ఆగుతాయి. బండి బాగా తిరిగిందైతే ఆ ట్రేలు వదులైపోయి లిఫ్టర్ కింద పడే చాన్స్ ఉంది, అందుకని ముందు నుంచి రెండు రాడ్లు దూర్చి ఆపుతారు, అలా చేస్తారా అని అడిగితే వాళ్ళకి పని తెలుసో లేదో మీకే అర్థమవుతుంది.

ఇక ట్యూన్. నాకు చిరాకు తెప్పించింది ఇదొక్కటే. మొదట చేసిన షాపువాళ్ళు డైనో (పవర్ కొలిచే మెషీన్) మీద ఫుల్ థ్రాటిల్ పుల్స్ చేసి షీట్ చేతిలో పెట్టి పంపేశారు, షీట్ మీద నంబర్ బాగానే ఉంది, కానీ ఏసీ ఆన్‌లో ఉండి సిగ్నల్ దగ్గరికొస్తూ క్లచ్ తొక్కితే సూది 400కి పడిపోయి ఇంజన్ ఆగిపోయేది. వాళ్ళని ఎన్నిసార్లు అడిగినా పెద్ద కామ్ అంటే ఇంతే సార్ అన్నారు. నాది పెద్ద కామే కాదు! తర్వాత ఇంకొకతను ల్యాప్‌టాప్ పెట్టుకుని నా పక్క సీట్లో కూర్చుని, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజన్‌కి ఎంత గాలి వెళ్ళాలో చెప్పే ఐడిల్ ఎయిర్‌ఫ్లో, థ్రాటిల్ క్రాకర్, థ్రాటిల్ ఫాలోవర్ టేబుల్స్ సరిచేసి, మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి చూసి మరీ వెళ్ళాడు, అప్పటినుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. అందుకని డబ్బులు ఇచ్చేముందే అడగండి, కోల్డ్ స్టార్ట్ చూస్తారా, ఏసీ వేసి రోడ్డు మీద నడిపి ట్యూన్ చేస్తారా అని.

ఎమిషన్స్ గురించి కూడా ఒక మాట. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు గానీ కాలిన్, డెంటన్, డాలస్ కౌంటీల్లో ఎమిషన్స్ టెస్ట్ ఉంది, మీ బండికి ఓబీడీ పోర్టులో (బండి కంప్యూటర్‌ని చదివే సాకెట్‌లో) పెట్టి చూస్తారు. ఓవర్‌ల్యాప్ ఎక్కువైతే ఐడిల్‌లో కంప్యూటర్ దాన్ని మిస్‌ఫైర్ అనుకుని పీ0300 కోడ్ వేస్తుంది, చెక్ ఇంజన్ లైట్ వెలిగితే టెస్ట్ ఫెయిల్. క్యాటలిటిక్ కన్వర్టర్లు తీసేయమని ఎవరైనా అన్నా వినకండి, ఫెడరల్ చట్టం ప్రకారమే తప్పు. రేపు జాబ్ మారి బే ఏరియా వెళ్ళే ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త, కాలిఫోర్నియా వాళ్ళు ఆ పార్టుకి కార్బ్ (అక్కడి గాలి కాలుష్య నియంత్రణ బోర్డు) ఇచ్చిన ఈవో నంబర్, అంటే అనుమతి నంబర్, ఉందా అని చూస్తారు, కొనేముందే అది ఉన్న కామ్ దొరుకుతుందేమో వెతకండి.

షాపువాళ్ళు ఇచ్చిన కామ్ కార్డు ఫొటో ఉంటే కింద పెట్టండి, లోబ్ సెపరేషన్ ఎంతో చూసి ఓవర్‌ల్యాప్ లెక్కేసి చెప్తా, హెడర్స్ స్టాకా కాదా, మీ వెనక యాక్సిల్ రేషియో ఎంతో కూడా రాయండి.