తాతగారి పెట్టెలో ప్లేగు ఉత్తరాలు

ప్రశ్న: చిత్తూరులో సైన్సు మాస్టారుగా పనిచేసిన మా తాతగారి ట్రంకు పెట్టెలో ఒక ఇంగ్లీషు శాస్త్ర పత్రికలోంచి ఊడిన ఆకులు కొన్ని దొరికాయి. వాటిమీద 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' అనే పేరు, 1722 అనే సంవత్సరం ఉన్నాయి. ఫ్రాన్సులోని మార్సేయ్ నగరంలో వచ్చిన ప్లేగు గురించి వైద్యులు రాసిన ఉత్తరాలవి. ప్లేగుతో చనిపోయినవారి పైత్యరసాన్ని కుక్కల రక్తనాళాల్లోకి ఎక్కిస్తే అవి చచ్చిపోయాయని వాటిలో ఉంది. ఆ బృందంలోని వైద్యులే ప్లేగు అంటువ్యాధి కాదని వాదించినట్టు మరోచోట చదివాను. ఈ రెండింటికీ పొంతన ఎలా కుదురుతుంది? ఇవి అసలు ప్రతులేనా? ఇంట్లో పెట్టుకుంటే రోగం వస్తుందేమోనని మా అమ్మగారు భయపడుతున్నారు.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు మీ అమ్మగారి భయం తీర్చాలి. ప్లేగు క్రిమి మూడు వందల ఏళ్లపాటు కాగితంలో బతికి ఉండదు. పైగా మీ దగ్గరున్నవి వైద్యుల చేతిరాత ప్రతులు కావు, లండన్‌లో అచ్చయిన పత్రిక ఆకులు. అయినా ఆవిడ భయాన్ని చూసి నవ్వనక్కరలేదు. ఆ కాలంలో ప్లేగు ఊళ్ల నుంచి వచ్చే ఉత్తరాలను వెనిగరులో ముంచో, కత్తితో గాట్లు పెట్టి లోపలికి పొగ పట్టించో ఆ తర్వాతే పంచిపెట్టేవారు.

ఇక అసలువా కావా అన్న సంగతి. ఒక ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఆనాటి కాగితాన్ని పాత గుడ్డపీలికల గుజ్జుతో, తీగల చట్రం మీద చేత్తో పోసేవారు కనుక, దగ్గరదగ్గరగా సన్నని గీతలు కనిపించాలి. పదాల మధ్యలో ఎస్ అక్షరం ఎఫ్ లాగా పొడుగ్గా ఉండాలి. ఇదే పత్రికను కుదించి 1809లో పద్దెనిమిది సంపుటాలుగా మళ్లీ అచ్చువేశారు, కానీ అప్పటికి ఆ పొడుగు అక్షరం వాడుకలోంచి పోయింది. తేదీలు తేడాగా కనిపిస్తే కంగారుపడకండి. ఇంగ్లండు 1752 దాకా పాత క్యాలెండరునే పాటించింది కనుక ఫ్రాన్సు తేదీకీ లండన్ తేదీకీ పదకొండు రోజుల తేడా ఉండేది. ఇంగ్లండులో కొత్త సంవత్సరం లెక్క మార్చి 25న మొదలయ్యేది కూడా. ఆ పత్రికను వెలువరించే రాయల్ సొసైటీ అనే లండన్ శాస్త్ర సంఘం 2011 నుంచి తన పాత సంచికలను ఉచితంగా చదువుకోనిస్తోంది కాబట్టి మీ ఆకులను అక్షరం అక్షరం పోల్చి చూసుకోవచ్చు. లామినేషన్ మాత్రం చేయించకండి, సెల్లో టేపు అంటించకండి.

పొంతన కుదరడం లేదన్నది మీరు అడిగినవాటిలో అన్నిటికంటే మంచి ప్రశ్న. సిరియా తీరం నుంచి బట్టలు, పత్తి మోసుకొచ్చిన 'గ్రాండ్ సేంట్ ఆంత్వాన్' అనే ఓడ 1720 మే 25న మార్సేయ్ చేరింది. దారిలోనే ఓడలో మనుషులు చనిపోయినా సరుకు ఒడ్డుకు దిగింది. దాదాపు తొంభై వేల జనాభా ఉన్న ఆ నగరంలో సుమారు సగం మంది పోయారు. ఫ్రాన్సులోనే ఉన్న మోంపెలియే నుంచి అక్కడికి వెళ్లిన వైద్యుల్లో ముఖ్యుడు ఫ్రాన్స్వా షిక్వానో. ఆయన రోగుల మంచాల మీద కూర్చుని, వట్టి చేతులతో గడ్డలు తాకి చూసినా జబ్బు పడలేదు. కాబట్టి ఇది అంటుకునే రోగం కాదని తేల్చేశాడు. ఆయన సహచరుడు ఆంత్వాన్ దేదియే శవాలను కోయించి చూసినప్పుడు పిత్తాశయం నిండా నలుపు, ఆకుపచ్చ రంగుల పైత్యరసం కనిపించింది. మీ ఆకుల్లో ఉన్న కుక్కల ప్రయోగం ఆయనదే. పైత్యరసం ఎక్కించిన కుక్కలకు మనుషులకు లేచినట్టే బిళ్లలు (వాచిన గడ్డలు) లేచి, కొద్ది రోజుల్లో అవి చచ్చిపోయాయి. ఆసుపత్రిలో రోగుల నుంచి కోసి పడేసిన గడ్డలను తింటూ నెలల తరబడి కులాసాగా తిరిగిన కుక్క కూడా, రక్తంలోకి పైత్యరసం ఎక్కించాక బతకలేదు.

ఇప్పుడు మనకు తెలిసినదాన్ని బట్టి చూస్తే, వాళ్లు చూసినవి రెండూ నిజమే. బిళ్లల ప్లేగు ముట్టుకున్నంత మాత్రాన సాధారణంగా అంటదు. ఎలుక ఒంటిమీద బతికే, రెక్కల్లేని గెంతుడు పురుగు కుట్టడం వల్ల అంటుతుంది. రోగం ముదిరితే క్రిమి రక్తంలోకి, అవయవాల్లోకి పాకుతుంది కనుక కుక్కల నాళాల్లోకి పోయింది క్రిములతో నిండిన రసం. దేదియే దృష్టి మాత్రం పైత్యం మీదే నిలిచిపోయింది. క్రిమి అనే మాటకు అప్పటి వైద్యంలో పెద్దగా చోటు లేదు; హాంగ్‌కాంగ్‌లో యెర్సిన్ అనే వైద్యుడు దాన్ని పట్టుకున్నది 1894లో. మార్సేయ్‌లో సామూహికంగా పాతిపెట్టిన వారి పళ్లలో అదే క్రిమి జన్యుపదార్థం దొరికిందని 2016లో ప్రచురించారు. కనుక ఆ ఉత్తరాలను చదివేటప్పుడు వైద్యుడు 'చూశాను' అన్న వాక్యాన్ని నమ్మండి, 'కాబట్టి' అన్న మాట దగ్గర ఆగండి. నాకైతే షిక్వానో కంటే దేదియే మీదే గౌరవం ఎక్కువ. తన లెక్కకు అడ్డొచ్చే ఆ ఆసుపత్రి కుక్క సంగతిని ఆయన దాచిపెట్టలేదు. ఆ ఆకుల్లో మందులేవైనా కనిపిస్తే సరదాకు కూడా వాడి చూడకండి. ఈ రోగానికి నేడు స్ట్రెప్టోమైసిన్, డాక్సీసైక్లిన్ వంటి మందులున్నాయి.

ప్రశ్న: ఎలుకలు రాలడం మొదలైతే చాలు, జనం ఇళ్లు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకునేవారని మా అవ్వ చెప్పేది. అది మూఢనమ్మకమా? ఆనాటి కాగితాలు ఎక్కడ దొరుకుతాయి?
– ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: మూఢనమ్మకం కాదమ్మా. ప్లేగుతో ఎలుక చచ్చి ఒళ్లు చల్లబడగానే దాని ఒంటిమీది గెంతుడు పురుగులు దాన్ని వదిలి, వెచ్చని ఒంటికోసం మనుషుల మీదికి వస్తాయి. అప్పుడు ఇల్లు వదలడం సరైన పనే. పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీలో చేసిన ప్రయోగంతో ఈ సంగతి చూపిస్తే, తోటి శాస్త్రవేత్తలే చాలా ఏళ్లు ఒప్పుకోలేదు. మీ అవ్వ తరంవారు ఆ ప్రయోగం గురించి చదవలేదు, రాలిన ఎలుకను చూశారంతే. పాత కాగితాల కోసం చిత్తూరు జిల్లా పేరుతో వెతికితే 1911కు ముందువి దొరకవు. అంతవరకూ పలమనేరు తాలూకా ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేది కనుక, చెన్నై ఎగ్మూరులోని రాష్ట్ర ప్రాచీన పత్ర భాండాగారంలో ఆ జిల్లా పేరుతో అడగండి.