ఫోర్ ఫ్రెష్‌మెన్ పైకి రావడం అదృష్టమేనా?

“కళాశాల కుర్రాళ్లతో ఏర్పడిన అమెరికా నలుగురి గాయక బృందం ఫోర్ ఫ్రెష్‌మెన్‌కు 1950లలో అంత పేరు రావడానికి జాజ్ వాద్యబృంద నాయకుడు స్టాన్ కెంటన్ కంటపడడమే కారణమా?” అని అడిగారు. ఇండియానాలో చదువుకునే రోజుల్లో ఒక గాయక బృందంలో రెండేళ్లు మూడో గొంతు పాడినవాడిగా, ఆ అదృష్టానికి నేను సగం పాలు కూడా ఇవ్వలేను.

1948లో ఇండియానాపోలిస్‌లోని బట్లర్ విశ్వవిద్యాలయానికి చెందిన జోర్డాన్ సంగీత కళాశాలలో రాస్, డాన్ బార్బర్ అనే అన్నదమ్ములు, హాల్ క్రాచ్ కలిసి పాడడం మొదలుపెట్టారు. బార్బర్ సోదరుల బంధువు బాబ్ ఫ్లానిగన్ తర్వాత చేరాడు. ఆ సెప్టెంబరులోనే చదువు వదిలి ఊరూరా కచేరీలకు బయలుదేరారు. 1950లో ఒహాయోలోని డేటన్‌లో కెంటన్ వారి పాట విని రికార్డుల సంస్థ క్యాపిటల్ రికార్డ్స్‌కు సిఫారసు చేశాడు. అయితే, ఆయనకు వారు నచ్చడానికి కారణం ముందే సిద్ధమై ఉంది: ఆయన వాద్యబృందంలో ట్రాంబోన్లు అనే ఇత్తడి ఊదువాద్యాలు పలికే నిండుతనాన్ని ఈ నలుగురూ అప్పటికే గొంతులతో సాధించే ప్రయత్నంలో ఉన్నారు.

ఆ సాధన ఎంత కష్టమో నాకు అనుభవమే. వారు తరచుగా కార్డుకు (ఒకేసారి పలికే స్వరాల గుచ్ఛానికి) ఆధారమైన స్వరాన్ని గొంతుతో పలకకుండా తాము వాయించే మంద్రస్వర తంత్రీవాద్యం బాస్‌కు వదిలేసి, నాలుగు గొంతులనూ ఎడం ఎడంగా పరిచేవారు. అందుకే పాడేది నలుగురే అయినా ఐదారుగురు పాడుతున్నట్లు వినిపిస్తుంది. అదే పద్ధతిలో కూర్చిన ఒక పాటలో, పక్కనున్నాయన షడ్జం పట్టుకుంటే నేను దానికి అర్ధస్వరం కిందనున్న కాకలి నిషాదం మీద నిలబడవలసి వచ్చేది. చిన్నప్పటి నుంచి తంబురా శ్రుతికి అలవాటుపడిన నా గొంతు తనంతట తాను షడ్జానికి జారిపోయేది. మా శిక్షకురాలు మిగిలిన వారిని ఆపి మా ఇద్దరిచేతనే మళ్లీ మళ్లీ పాడించేవారు. ఇద్దరమే పాడితే చెవిలో గరుకుగా తగిలే ఆ రాపిడి, మిగతా రెండు గొంతులూ వచ్చి కలిసిన క్షణంలో మెత్తబడి వెలుగులా విచ్చుకునేది. ఫ్రెష్‌మెన్ ఇదంతా వాద్యాలు వాయిస్తూనే పాడేవారు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

1952లో ‘ఇట్స్ ఎ బ్లూ వరల్డ్’ వారి తొలి విజయం. ఆ తర్వాత పీట్ రుగోలో వాద్యరచనతో ఐదు ట్రాంబోన్ల సరసన వారు పాడిన ఆల్బమ్‌నే మీరు మొదట వినాలని నా కోరిక, ఎందుకంటే గొంతుకూ ట్రాంబోన్‌కూ మధ్య వారు కోరుకున్న చుట్టరికం అందులో తేటగా తెలుస్తుంది. అమ్ముడుపోయిన పాటల లెక్క చూస్తే వారికంటే పెద్దవారు చాలామందే ఉన్నారు. తోటి గాయకులు వారిని పాఠంలా చదువుకున్నారన్నదే నా దృష్టిలో అసలు ఎదుగుదల. కాలిఫోర్నియాలో బ్రయాన్ విల్సన్ అనే కుర్రవాడు వారి రికార్డులు పదేపదే వేసుకుని, ఒక్కొక్క గొంతునూ విడదీసి నేర్చుకుని, ఇంట్లో వాళ్లకు ఆ భాగాలు నేర్పి తనతో పాడించుకున్నాడు. తర్వాత అతను పాడిన బీచ్ బాయ్స్ బృందం పాటల్లో అన్నిటికన్నా పైన తేలే అతని గొంతు విన్నప్పుడల్లా నాకు ఆ నలుగురిలో పై గొంతు పాడిన ఫ్లానిగనే గుర్తుకువస్తాడు.