యాడ్ 9లో లేని స్వరం

ప్రశ్న: పాటల పుస్తకంలో సి యాడ్ 9 అనే కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) ఉన్నచోట గిటారు మీద సి 9 వాయించాను. పాట మరో దారి పట్టినట్టు అనిపించింది. రెండింటిలోనూ తొమ్మిదో స్వరం డి ఉంది కదా, తేడా ఎక్కడ వస్తోంది? సి సస్ 2లో కూడా అదే డి ఉంది!

జవాబు: మీ చెవి సరిగ్గానే పట్టుకుంది. మీరు డి కోసం వెతుకుతున్నారు గానీ, తేడా చేస్తున్నది బి ఫ్లాట్, అంటే బి కన్నా అర్ధస్వరం కింద ఉండే స్వరం. కార్డు పేరులో ఉత్త 9 ఉంటే దాని కింద ఏడో స్వరం కూడా ఉందని అర్థం. కాబట్టి సి 9 అంటే సి, ఇ, జి, బి ఫ్లాట్, డి. యాడ్ అన్నారంటే ఏడో స్వరం జోలికి పోకుండా మేజర్ కార్డుకు (సి, ఇ, జి) డి మాత్రమే చేర్చమని.

గిటారు చేతిలోకి తీసుకోండి. అన్నిటికన్నా సన్న తీగ ఒకటోది; ఫ్రెట్ అంటే మెడ మీది గడి. ఐదో తీగ మూడో ఫ్రెట్, నాలుగో తీగ రెండో ఫ్రెట్, మూడో తీగ ఖాళీ, రెండో తీగ, ఒకటో తీగ మూడో ఫ్రెట్. ఇది సి యాడ్ 9. ఇప్పుడు మూడో తీగను కూడా మూడో ఫ్రెట్ దగ్గర నొక్కండి. ఆ తీగ మీద జి పోయి బి ఫ్లాట్ వచ్చింది (ఒకటో తీగ మీది జి అలాగే ఉంది), కార్డు సి 9 అయింది. ఒక్క తీగే మారింది, కానీ వినండి: ఇ, బి ఫ్లాట్ మధ్య ఆరు అర్ధస్వరాల దూరం. ఆ జంట ఊరికే ఉండలేదు. ఇ పైకి ఎఫ్‌కు, బి ఫ్లాట్ కిందికి ఏకు జరగాలని చూస్తాయి. అంటే ఎఫ్ మేజర్ రావాలని చెవి ఎదురుచూస్తుంది. మీ పాట దారి తప్పింది అక్కడే. యాడ్ 9లో ఆ లాగుడు లేదు. మేజర్ కార్డు నిబ్బరంగా నిలబడి ఉంటుంది, డి దానికి కాస్త మెరుపు పూస్తుంది. నాకు అది ఎంత విన్నా తనివి తీరదు.

సస్ 2 సంగతి చిన్నది. మళ్లీ యాడ్ 9 పట్టి, నాలుగో తీగ మీది వేలు తీసేయండి. ఇ పోయి దాని చోట డి వచ్చింది. మేజర్ అని చెప్పేది ఆ ఇ స్వరమే. ఇక అది మేజరో మైనరో చెప్పేవారు లేరు.

మైనర్‌లో మాత్రం జాగ్రత్త. సి మైనర్ యాడ్ 9లో డి, ఇ ఫ్లాట్ పక్కపక్కనే పడితే ఒరుసుకుంటాయి. ఇ ఫ్లాట్‌ను కింద ఉంచి, డిని పై స్థాయిలో వాయిస్తే ఆ ఒరిపిడి చాలావరకు తగ్గుతుంది. నేనైతే కొన్నిచోట్ల కావాలనే పక్కపక్కన ఉంచుతాను.

సాధనకు జి మేజర్, సి యాడ్ 9 మార్చి మార్చి వాయించండి. జి మేజర్‌ను ఒకటి, రెండు తీగల మూడో ఫ్రెట్ నొక్కి పట్టే పద్ధతిలో వాయిస్తే ఉంగరం వేలు, చిటికెన వేలు కదపనే అక్కర్లేదు.