మలావి పల్లెలో యువత మధ్య పరిచర్యకు వెళ్ళాలనుకుంటే

వందనాలు బ్రదర్. బీటెక్ అయిపోయింది, ఉద్యోగంలో చేరేలోపు మూడు నెలలు ఆఫ్రికాలోని మలావి దేశం వెళ్ళి పల్లె యువత మధ్య పరిచర్య చేయాలనుంది, ఎలా సిద్ధపడాలి అని అడిగారు. నేను 2014 నుంచి 2016 దాకా ఉత్తర మలావిలోని మ్జింబా జిల్లాలో, ఒక పల్లె సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్తూ, సాయంత్రాలూ ఆదివారాలూ అక్కడి సంఘం పిల్లలతో గడిపాను. ఆ అనుభవంతో చెప్తున్నాను, కాస్త పెద్దదైతే ఏమీ అనుకోకండి.

అక్కడికి సువార్తను మనం కొత్తగా మోసుకెళ్ళేది లేదు. స్కాట్లండు మిషనరీలు మలావి సరస్సు ఒడ్డుకు వచ్చింది 1875లో. మా పల్లెలో మూడో తరం, నాలుగో తరం విశ్వాసులున్నారు. నేనేమో నోట్‌బుక్ నిండా ప్రసంగాలు రాసుకుని వెళ్ళాను. మొదటి ఆదివారం యూత్ కోయర్ పాడింది. వాయిద్యం ఒక్కటీ లేదు, నాలుగు రకాల గొంతులు, మట్టి నేల మీద పాదాలతోనే తాళం. నాకు మాట రాక కళ్ళు తుడుచుకుంటూ కూర్చున్నాను. వంద ఏళ్ళ కిందట డోనల్డ్ ఫ్రేజర్ అనే స్కాట్లండు మిషనరీ ఇక్కడి ఎన్‌గోనీ ప్రజలను వాళ్ళ పాత బాణీల్లోనే దేవుని పాటలు కట్టుకొమ్మని ప్రోత్సహించాడని తర్వాత ఒక పెద్దాయన చెప్పారు. మన పెద్దలు రాగతాళాల్లో కీర్తనలు కట్టుకున్నట్టే కదా అనిపించింది. ఆ నోట్‌బుక్ చాలా రోజులు పెట్టెలోనే ఉండిపోయింది.

భాష గురించి గట్టిగా చెప్తాను. మనవాళ్ళు ఆఫ్రికాకు పరిచర్యకు వెళ్ళడం కొత్త కాదు, 1903లోనే జాన్ రంగయ్య గారు నెల్లూరు ప్రాంతం నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు వెళ్ళారు. కానీ ఆయన వెళ్ళింది అక్కడి తెలుగు కూలీల దగ్గరికి, నోరు తెరిస్తే వాళ్ళ భాషే. మనకు ఆ సదుపాయం లేదు. మలావి అనగానే అందరూ చిచేవా నేర్చుకోమంటారు, ఉత్తరాన ఇళ్ళల్లో మాట్లాడేది మాత్రం టుంబుకా. సెకండరీ స్కూలు పిల్లలకు ఇంగ్లీషు వచ్చు, కానీ మనసులో బాధ ఇంగ్లీషులో చెప్పుకోరు. ఆరు నెలలు తంటాలు పడ్డాక గానీ ఒక కుర్రాడు నా పక్కన కూర్చుని తన భాషలో తన ఇంటి సంగతి చెప్పలేదు.

ఆ ఇంటి సంగతులే అసలు విషయం. ప్రైమరీ స్కూల్లో 1994 నుంచి ఫీజు లేదు. సెకండరీలో నేనున్నప్పుడు ఉండేది, పొగాకు పండించే ఇళ్ళకు ధర పడిపోయిన ఏడాది క్లాసులో బెంచీలు ఖాళీ అయ్యేవి. మగపిల్లలు ఎప్పుడెప్పుడు దక్షిణాఫ్రికాకు పోదామా అని చూస్తుంటారు, మన కడప, కోనసీమ కుర్రాళ్ళు కువైట్ వెళ్ళినట్టే, తండ్రులూ అన్నలూ అక్కడే ఉంటారు. అలాంటి కుర్రాడికి వారానికి ఒక వాక్యం చెప్పి వెళ్ళిపోతే సరిపోదు. సాయంత్రం లాంతరు వెలుగులో వాడితో కూర్చుని లెక్కలు చేయించాలి, ఫుట్‌బాల్ ఆడాలి, వాళ్ళ ఇంట్లో చావు జరిగితే రాత్రంతా అందరితో పాటు కూర్చోవాలి. పల్లెలో ఎవరైనా పోతే పనులన్నీ ఆగిపోతాయి. అక్కడ కనబడని మనిషి మాట ఆదివారం ఎవరూ వినరు.

ఒక అమ్మాయి గురించి చెప్పాలి. కోయర్‌లో పాట ఎత్తుకునేది ఆమే, ఫామ్ త్రీ, అంటే సెకండరీ మూడో ఏడాది చదివేది. గర్భవతి అయింది, స్కూలు మానేసింది, సంఘం ఆమెను ప్రభువు బల్లకు దూరంగా ఉంచింది. అంతకు నెల ముందే నేను యూత్ మీటింగ్‌లో పవిత్రత మీద చాలా కఠినంగా మాట్లాడాను, ఆమె ముందు వరుసలోనే కూర్చుంది. తర్వాత వాళ్ళింటికి వెళ్ళడానికి నాకు కాళ్ళు రాలేదు. వెళ్ళింది ఉమన్యానో తల్లులు, అంటే అక్కడి స్త్రీల సమాజం. పిండి తీసుకెళ్ళారు, కాన్పు దగ్గర ఉన్నారు. బిడ్డ పుట్టాక అమ్మాయి మళ్ళీ బడిలో చేరొచ్చని ఆ దేశంలో 1993 నుంచి నియమం ఉంది, కానీ తల్లిదండ్రులకు తెలియదు. ఏడాది తిరిగాక ఆ తల్లులే ఆమెను వెంటబెట్టుకుని హెడ్‌మాస్టర్ గది ముందు నిలబడ్డారు. తిరిగి క్లాసుకు వచ్చినప్పుడు నేను ఆమెను క్షమాపణ అడిగాను. ఆ మీటింగ్ గురించి ఇప్పటికీ ప్రార్థనలో ఒప్పుకుంటూనే ఉంటాను.

ఇక్కడ మన దేశం నుంచి నన్ను పంపినవాళ్ళు నెలనెలా బాప్తిస్మాల లెక్క, ఫొటోలు అడిగేవారు. చిరిగిన బట్టల్లో ఉన్న పిల్లల ఫొటోలైతే చందాలు బాగా వస్తాయని అన్నారు కూడా. నాకు చాలా బాధేసింది. మీరు బయల్దేరేముందే ఈ విషయం మీ సంఘంతో తేల్చుకోండి. నా మాట వింటే అలాంటి ఫొటో ఒక్కటి కూడా తీయకండి.

మూడు నెలలే కుదురుతుందంటే మే నుంచి జూలై వరకు వెళ్ళండి. మొక్కజొన్న కోత అయిపోయి ఇళ్ళల్లో తిండి ఉంటుంది, బడులూ నడుస్తుంటాయి. జనవరి నుంచి మార్చి దాకా గాదెలు ఖాళీ, ఆ రోజుల్లో కూడా అతిథికి సిమా ముద్ద, ఆకుకూర పెట్టి వాళ్ళు పస్తుంటారు (సిమా మన సంగటిలాగే, మొక్కజొన్న పిండితో చేస్తారు). మీ సొంత కార్యక్రమం పట్టుకెళ్ళకుండా, అక్కడి పాస్టరుగారు ఏ పని చెప్తే అది చేయండి. మన రంగు చూసి 'మ్వెన్యె' అంటారు, భారతీయుడు అని, పట్నంలో షాపుల యజమానులే వాళ్ళకు తెలిసిన భారతీయులు, అందుకని డబ్బున్నవాడనుకుని అడుగుతారు. ఎవరి చేతికీ విడిగా డబ్బు ఇవ్వకండి, ఫీజు కట్టాలనిపిస్తే సంఘపెద్దల ద్వారా స్కూలుకే కట్టండి.

బీటెక్ అన్నారు కాబట్టి ఫామ్ ఫోర్ (సెకండరీ చివరి ఏడాది) పరీక్ష పాత ప్రశ్నపత్రాలు ముందే తెప్పించుకుని లెక్కలు, ఫిజిక్స్ చేసి చూసుకోండి. బట్టలు రెండు జతలు తగ్గించి, ఆ చోట్లో సైంటిఫిక్ కాలిక్యులేటర్లు, జామెట్రీ బాక్సులు సర్దుకోండి. నేనున్నప్పుడు నలభై మంది క్లాసుకు కాలిక్యులేటర్లు మూడే ఉండేవి.